కొలత ఎవరి చేతిలో ఉంది

మా వృత్తిలో అమ్ముడుపోయేది గంట. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో పెద్ద భాగం దీని మీదే నిలబడింది. అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న క్లయింటు ఇక్కడి మనిషికి గంటకి ఇన్ని డాలర్లని ఒప్పందం రాసుకుంటాడు, నెలాఖరున గంటలు లెక్క చూసి డబ్బు కడతాడు. అందుకే శుక్రవారం మధ్యాహ్నం దాటిందంటే మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా టైమ్‌షీట్ నింపమని మెయిళ్లు మొదలవుతాయి. రోజుకి ఎనిమిది, వారానికి నలభై. రాత్రి పదకొండింటిదాకా కూర్చున్నవాళ్లూ నలభయ్యే రాస్తారు, క్లయింటు జవాబు కోసం రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చినవాళ్లూ నలభయ్యే రాస్తారు. అది బిల్లు వేయడానికి కావలసిన అంకె. అంతవరకూ దానితో నాకు పేచీ లేదు.

పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. బిల్లు కోసం పుట్టిన అంకెనే పనికీ మనిషికీ కొలతగా వాడటం మాకు అలవాటైపోయింది. ఎవరు బిల్లబుల్, ఎవరు ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నారు, టీమ్ యుటిలైజేషన్ ఎంత శాతం అనే మాటల్లోనే మేం ఒకరి గురించి ఒకరం ఆలోచిస్తున్నాం. కొత్త ప్రాజెక్టు వస్తే మొదటి ప్రశ్న ఎన్ని మ్యాన్-మంత్‌లు అని. పన్నెండు మ్యాన్-మంత్‌ల పని అంటే ఒకరు ఏడాది చేసినా, పన్నెండు మంది నెలలో చేసినా ఒకటేనన్నట్టు ఎక్సెల్ షీటు మీద భాగాహారం జరిగిపోతుంది.

ఆ భాగాహారం తప్పని చెప్పి యాభై ఏళ్లయింది. ఫ్రెడ్ బ్రూక్స్ ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీకి సారథ్యం వహించాడు. 1963 నుంచి 1966 వరకు దాని మీద సుమారు 5,000 మ్యాన్-ఇయర్‌ల శ్రమ పోశారని ఆయన అంచనా. అయినా అది ఆలస్యమైంది. ఆ అనుభవం మీద 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందన్నది అందులో అందరికీ తెలిసిన మాట. కారణం సూటిగా లెక్క వేసి చూసుకోవచ్చు. ఐదుగురున్న టీమ్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు 10. పదిమందైతే 45. ఇరవై మందైతే 190. మనుషులు రెట్టింపయితే మాటలు నాలుగింతలకు పైనే అవుతాయి. పైగా కొత్తగా వచ్చినవాళ్లకి సిస్టమ్ నేర్పవలసింది ఆ సిస్టమ్ తెలిసిన ఇద్దరు ముగ్గురే. అప్పటిదాకా పని లాగుతున్నది కూడా వాళ్లే.

ఈ పుస్తకం పేరు తెలియని డెలివరీ మేనేజర్ నాకు తగల్లేదు. అయినా గడువు దాటుతున్న ప్రతి ప్రాజెక్టులోనూ ఆరుగురినో ఎనిమిదిమందినో దింపడం చూస్తూనే ఉన్నాను. తెలిసీ ఎందుకు చేస్తారా అని చాలాకాలం ఆలోచించాను. నాకు తట్టిన కారణం ఇది: బ్రూక్స్‌కి ఆ పని నష్టం తెచ్చింది. గంటకింత అని అమ్మే చోట అదే పని ఆదాయం తెస్తుంది. దింపిన ప్రతి మనిషీ బిల్లులో ఒక వరుస. మొత్తం పనికి ఇంత అని ముందే ధర మాట్లాడుకున్న ఒప్పందాల్లో మాత్రం ఈ సంగతి తిరగబడుతుంది, అక్కడ మేనేజర్లు బ్రూక్స్ శిష్యుల్లా ప్రవర్తిస్తారు. కొలత ఏం చెబుతోందన్నదానికంటే అది ఎవరి అవసరం కోసం పుట్టిందన్నది ముందు అడగాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

గంటతో పాటు కోడ్ లైన్ కూడా కొలతగా ఉండేది. తెలుగువాళ్లు ఈ రంగంలోకి గుంపులుగా వచ్చిన రోజుల్లో, అంటే 1990ల చివర్లో, వైటూకే పని అడుగడుగునా లైన్లతోనే అంచనా వేసేవారు. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండు అంకెల్లో దాచిన చోటల్లా వెతికి సరిచేయడం ఆ పని. ఈ ప్రోగ్రాము ఇన్ని లక్షల లైన్లు, లైనుకి ఇంత ఖర్చు. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి విమానమెక్కినవాళ్లలో ఎందరికో ఆ లెక్కే మొదటి జీతం ఇచ్చింది. వెతికి సరిచేసే పనికి ఆ లెక్క నప్పింది కూడా, ఎందుకంటే చదవవలసిన లైన్లు ముందే అక్కడున్నాయి. కొత్తగా కట్టే పనికి అదే లెక్క పెడితే ఏమవుతుందో 1982లోనే తేలిపోయింది.

అప్పుడు ఆపిల్‌లో లీసా అనే కంప్యూటర్ తయారవుతోంది. ఇంజనీర్లందరూ ఆ వారం ఎన్ని లైన్లు రాశారో ఫారంలో నింపాలని మేనేజర్లు నియమం పెట్టారు. తెరమీద బొమ్మలు గీసే క్విక్‌డ్రా రాసినవాడు బిల్ అట్కిన్సన్. ఆ వారం ఆయన అందులో ఒక కీలకమైన భాగాన్ని మరింత సరళంగా తిరగరాశాడు. అది ఇంచుమించు ఆరు రెట్లు వేగంగా పనిచేసింది, కోడ్ 2,000 లైన్లు తగ్గింది. ఫారంలో ఆయన మైనస్ 2,000 అని రాసిచ్చాడు. కొన్ని వారాలకి ఆయన్ని ఫారం నింపమనడం మానేశారు. ఈ సంగతి అప్పటి ఆయన సహోద్యోగి ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ రాసిపెట్టాడు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఇదే విషయాన్ని జమాఖర్చుల భాషలో చెప్పాడు: లైన్లు మనం ఉత్పత్తి చేసిన సరుకు కాదు, ఖర్చు పెట్టిన డబ్బు, ఆ లెక్కని ఖర్చు పక్కన రాసుకోవాలని. రాసిన ప్రతి లైనునీ రేపు ఎవరో ఒకరు చదవాలి, అర్థం చేసుకోవాలి, భయపడకుండా మార్చగలగాలి. పాతికేళ్ల కిందటి ప్రోగ్రాముని ముట్టుకోవలసి వచ్చినవాళ్లెవరూ డైక్‌స్ట్రాతో వాదించరు.

లైన్లు తప్పు కొలత, సరే. సరైన కొలత దొరికితే సమస్య తీరిపోతుందా? ఈ వృత్తి అర్ధ శతాబ్దంగా ఆ వెతుకులాటలోనే ఉంది. 1979లో ఐబీఎంలోనే అలన్ ఆల్‌బ్రెక్ట్ ఫంక్షన్ పాయింట్లు ప్రతిపాదించాడు. ఆ తర్వాత ఇంకా చాలా వచ్చాయి. తప్పు అంకెలో లేదని నాకు నెమ్మదిగా అర్థమైంది.

వడ్ల కొలతనే చూడండి. కల్లంలో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. సొంత గాదెలోకి పోసుకునేటప్పుడు ఆ కుంచం దగ్గర ఎవరికీ తగువుండదు. అదే కుంచంతో కౌలు గింజలు కొలుస్తుంటే మాత్రం రాశి పొయ్యాలా, తల కొట్టాలా అని రెండు పక్కలా మనుషులు నిలబడతారు. కుంచం మారలేదు, వడ్లు మారలేదు, కొలిచాక జరిగేది మారింది. అక్కడ ఇంకో సుఖం కూడా ఉంది. తమని కొలుస్తున్నారని వడ్లకి తెలియదు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి తెలుస్తుంది.

తెలిశాక ఏమవుతుందో సపోర్ట్ ప్రాజెక్టుల్లో చూడాలి. యూజర్ ఫిర్యాదు, అంటే టికెట్, వచ్చిన నాలుగు గంటల్లో పరిష్కరించాలని ఒప్పందం. గడియారం నడుస్తూ ఉంటుంది. కానీ టికెట్‌ని ‘యూజర్ జవాబు రావాలి’ అన్న స్థితిలో పెడితే గడియారం ఆగుతుంది, ఎందుకంటే యూజర్ ఆలస్యానికి ఇంజనీరుని శిక్షించకూడదు కదా. న్యాయమైన నియమమే. కొన్నాళ్లకి మూడున్నర గంటలు దాటిన టికెట్లన్నింటిలోనూ ఒక ప్రశ్న ప్రత్యక్షం కావడం మొదలవుతుంది. స్క్రీన్‌షాట్ పంపగలరా? ఏ బ్రౌజర్ వాడుతున్నారు? జవాబు తెలిసిన ప్రశ్నలే. అవతల ఏ గోడౌన్‌లోనో లారీలో సరుకు ఎక్కించడానికి బిల్లు రాక నిలబడిన మనిషి ఆ ప్రశ్న చూసి స్క్రీన్‌షాట్ తీసి పంపుతాడు. నెలాఖరు రిపోర్టులో అన్ని గడులూ ఆకుపచ్చగా ఉంటాయి. నేను చూసిన చోట ఈ పని చేసినవాళ్లు మోసగాళ్లు కారు. ఒక్క టికెట్ గడువు దాటితే ఉదయం మీటింగులో అందరి ముందూ జవాబు చెప్పుకోవలసిన ఇరవైమూడేళ్ల పిల్లలు. లారీ దగ్గరున్న మనిషి ఎవరో వాళ్లకి తెలియదు, ఎరుపు గడి తెలుసు.

ఇంగ్లండు బ్యాంకులో సలహాదారుగా ఉన్న ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ, ఏ గణాంకం మీద అదుపు కోసం ఒత్తిడి పెడతామో ఆ గణాంకం అంతకు ముందున్న పొందిక కోల్పోతుందన్నాడు. 1997లో మానవశాస్త్రవేత్త మెరిలిన్ స్ట్రాథర్న్ దాన్ని ఇంకా తేలికగా చెప్పింది: కొలత లక్ష్యంగా మారితే మంచి కొలతగా మిగలదు. ఈ మాట ఇప్పుడు ప్రతి మేనేజ్‌మెంట్ సమావేశంలోనూ వినిపిస్తుంది. నాకు ఎక్కువ ఉపయోగపడింది రాబర్ట్ ఆస్టిన్ 1996లో రాసిన పుస్తకం. సంస్థల్లో కొలత రెండు రకాలంటాడు ఆయన. ఒకటి పని ఎలా సాగుతోందో పనివాళ్లే తెలుసుకోవడానికి. రెండోది మనిషిని కదిలించడానికి, అంటే మెచ్చుకోవడానికీ దండించడానికీ. ముఖ్యమైన పనంతటినీ కొలవగలిగితే రెండోదీ పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అలా కొలవలేం గనుక, కొలిచేది పెరుగుతుంది, కొలవనిది ఎండిపోతుంది. కొంతకాలం అంకెలు బాగుపడుతూనే అసలు పని పాడవుతూ ఉంటుంది. మరో చేదు నిజం కూడా ఆయన చెబుతాడు. ఇది కేవలం సమాచారం కోసమేనని పైవాళ్లు ఎంత నిజాయితీగా మాటిచ్చినా కిందివాళ్లు నమ్మలేరు. రేపు ఆ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు, అంకెలు మాత్రం అక్కడే ఉంటాయి.

స్టోరీ పాయింట్ల కథ దీనికి చక్కని రుజువు. 1990ల చివర్లో క్రైస్లర్ కార్ల కంపెనీకి జీతాల సిస్టమ్ రాస్తున్న టీమ్ ఒకటుంది. ఏ ఆటంకమూ లేని రోజయితే ఈ ముక్క ఎన్ని రోజుల పని అని లెక్కవేసుకునేవారు. నిజానికి దానికి మూడింతలు పట్టేది. మూడు రోజుల పనికి తొమ్మిది రోజులెందుకని బయటివాళ్లు అడుగుతుంటే, రోజు అన్న మాట తీసేసి పాయింట్ అన్నారు. తమలో తాము మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. ఇవాళ ఆ పాయింట్లు కూడి, వెలాసిటీ అని పేరు పెట్టి, ఈ టీమ్ ఒక్కో స్ప్రింటుకి, అంటే ఒక్కో పని విడతకి, నలభై తెచ్చింది, మీరు ఇరవై ఎనిమిదే ఎందుకు తెచ్చారని అడుగుతున్నారు. జవాబు సులువు. రెండు స్ప్రింట్లు తిరిగేసరికి మూడు పాయింట్ల పని ఐదవుతుంది. ఆ క్రైస్లర్ టీమ్‌లో ఉన్న రాన్ జెఫ్రీస్, స్టోరీ పాయింట్లు కనిపెట్టింది నేనే అయితే అందుకు విచారిస్తున్నానని తర్వాత రాశాడు.

అన్నింట్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టేది బెల్ కర్వ్, అంటే ఇంతమందికే మంచి రేటింగ్ అని ముందే వాటాలు వేయడం. జాక్ వెల్చ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో 20, 70, 10 శాతాలుగా మనుషుల్ని విడగొట్టిన పద్ధతి సాఫ్ట్‌వేర్‌లోకీ వచ్చింది. మైక్రోసాఫ్ట్ దాన్ని 2013 నవంబరులో వదిలేసింది. మన దగ్గరా కొన్ని పెద్ద సంస్థలు తర్వాత వదిలేశాయి. పేరు పోయినా అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది.

నాతో పనిచేసిన ఒకావిడ గురించి చెప్పాలి. బీమా ప్రీమియం లెక్కగట్టే భాగం ఆవిడ చేతిలో ఉండేది. తన పని తాను చేసుకుంటూనే రోజులో సగం ఇతరుల కోడ్ చదివేది. అక్కా ఒకసారి ఇది చూస్తారా అని ఎవరొచ్చినా కుర్చీ జరిపి చోటిచ్చేది. ఒకసారి ఒక కుర్రాడు మూడు వారాల పని అని అంచనా వేసుకుని వచ్చాడు. ఆవిడ మూడు నాలుగు ప్రశ్నలు అడిగింది. వాడు కట్టబోయేది పాత మాడ్యూల్‌లో ఎప్పట్నుంచో ఉందని తేలింది. ఆ టికెట్ రద్దయింది. ఆ రోజు ఆవిడ ఖాతాలో పడిన పాయింట్లు సున్నా, వాడి ఖాతాలోంచి ఎనిమిది పోయాయి. ఆ ఏడాది ఆవిడకి సగటు రేటింగ్ వచ్చింది. అర్ధరాత్రి పడిపోయిన సిస్టమ్‌ని తెల్లారేలోపు లేపిన మరో అబ్బాయికి అత్యుత్తమం వచ్చింది. అతని శ్రమ నిజమైనదే, ఆ రాత్రి అతను లేకపోతే ఇబ్బందే. అయితే ఆవిడ చూసిన భాగాలు అర్ధరాత్రి పడిపోలేదు గనుక లేపే అవకాశం ఆవిడకి రానేలేదు. జరగని ప్రమాదాన్ని ఏ గడిలో రాయాలి? హైక్ తక్కువొచ్చిందన్న బాధకంటే, తాను చేస్తున్నది పనే కాదేమోనన్న అనుమానం ఆవిడకి కలగడం నాకు కష్టంగా అనిపించింది. తర్వాతి ఏడు ఆవిడ తన టికెట్లు తాను చూసుకోవడం మొదలుపెట్టింది. కుర్చీ జరపడం తగ్గింది. ఆ సంస్థ పోగొట్టుకున్నదేమిటో ఆ సంస్థ దగ్గరున్న ఏ డ్యాష్‌బోర్డులోనూ కనపడలేదు.

ఇంత చెప్పాక కొలతలే వద్దంటున్నానని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. నేను చదివినవాటిలో అత్యంత శ్రద్ధగా కొలతలు తీసుకున్న టీమ్ మీద నాకు అపారమైన గౌరవం. అమెరికా స్పేస్ షటిల్‌ని నడిపిన సాఫ్ట్‌వేర్ రాసింది హ్యూస్టన్‌లో ఐబీఎం మొదలుపెట్టిన బృందం. నాలుగు లక్షల ఇరవై వేల లైన్ల ప్రోగ్రాము. 1990ల నడుమ చూస్తే వరసగా పదకొండు వెర్షన్లలో కలిపి బయటపడిన తప్పులు 17. వాళ్లు ప్రతి తప్పునీ ఎప్పుడు దొరికింది, ఎప్పుడు దూరింది, అంతకు ముందే ఎందుకు దొరకలేదు అని రాసి భద్రపరిచేవారు. తప్పు దొరికితే ఎవరు చేశారన్న దగ్గర ఆగేవారు కారు. దాన్ని లోపలికి రానిచ్చిన సందు ఏదో వెతికి పూడ్చేవారు, అదే సందులోంచి ఇంకేం దూరాయో వెతికేవారు. రాసేవాళ్లకీ తప్పులు పట్టేవాళ్లకీ మధ్య పోటీ ఉండేది, అది ఆరోగ్యకరమైన పోటీ. తల దించుకోవలసిన అవసరం లేనిచోట మనుషులు తమ తప్పుల్ని తామే తెచ్చి బల్లమీద పెడతారు. ఆ అంకెల్లో అంత నిజం ఉండటానికి కారణం అదే.

పరిణతిని ఐదు అంచెలుగా కొలిచే సీఎంఎం నమూనాలో పై మెట్టుకి ఉదాహరణగా చూపించిన బృందం అది. ఆ నమూనా వెనకున్న వాట్స్ హంఫ్రీ ఐబీఎంలో దశాబ్దాలు పనిచేసి, 1986లో కార్నెగీ మెలన్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. ఆ నమూనాని మనదేశం ఎంతగా అందిపుచ్చుకుందంటే, ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో ప్రపంచంలో ఐదో అంచె అందుకున్న సంస్థల్లో ఎక్కువ భాగం భారతదేశంలోనే ఉన్నాయి. క్లయింట్లకి మన మీద నమ్మకం కుదరడానికి అది సాయపడింది, కాదనను. కానీ ఆడిట్ వారం ముందు రాత్రుళ్లు కూర్చుని పాత తేదీలతో రివ్యూ రికార్డులు నింపడం కూడా ఆ రోజుల్లో చాలామంది చూసిన సంగతే. హంఫ్రీ 1995లో వ్యక్తిగత స్థాయి పద్ధతి ఒకటి తెచ్చాడు. ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పులు చేశానని ప్రతి ఇంజనీరూ సొంతంగా రాసుకోవాలి. అయితే ఆ లెక్కలు ఆ ఇంజనీరువే, మేనేజర్ల చేతికి వెళ్లకూడదని ఆయన పట్టుబట్టాడు. ప్రక్రియల్ని ఇంతగా ప్రేమించిన మనిషి గీసిన గీత అది. గోడమీద సర్టిఫికెట్ తగిలించుకున్న చోట్ల ఆ గీత గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

కొలవలేనిదాన్ని అదుపు చేయలేమన్న మాటని ఈ రంగంలో నాటినవాడు టామ్ డిమార్కో, 1982 పుస్తకంలో. 2009లో ఆయనే ఒక వ్యాసంలో ఆ మాటని తిరిగి చూసుకున్నాడు. పది లక్షల డాలర్లు పెట్టి పదకొండు లక్షల విలువ తెచ్చే ప్రాజెక్టుకి గట్టి అదుపు ప్రాణం, అదే ఖర్చుతో ఐదు కోట్ల విలువ తెచ్చేదానికి అదుపు పెద్ద విషయమే కాదన్నాడు. అలాంటప్పుడు అంత బిగువైన అదుపు అవసరమయ్యే ప్రాజెక్టులు అసలెందుకు చేస్తున్నాం అన్నది ఆయన ప్రశ్న. తన పేరు మోసిన వాక్యాన్ని ఇరవై ఏడేళ్ల తర్వాత అందరి ముందూ సవరించుకోవడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు లైను మళ్లీ తిరిగొచ్చింది. తమ కొత్త కోడ్‌లో పావు వంతుకి పైగా కృత్రిమ మేధ రాస్తోందని, ఇంజనీర్లు దాన్ని చూసి ఆమోదిస్తున్నారని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో చెప్పారు. అప్పట్నుంచి ప్రతి సంస్థకీ తన శాతం ఎంతో చెప్పుకోవాలన్న ఆత్రం పట్టుకుంది. పిచాయ్ చెప్పిన వాక్యంలో రాయడానికి శాతం ఉంది, చూసి ఆమోదించడానికి లేదు. రాయడం చవకయ్యేకొద్దీ చదవడం ఖరీదవుతుంది. నేను చెప్పిన ఆవిడ చేసింది చదివే పనే.

మా టీమ్‌లో ఒక పట్టిక ఉంది. ఏది పాడైంది, ఎక్కడ దూరింది, ముందే ఎక్కడ దొరకాల్సింది, ఏం మార్చాం అని నాలుగు గడులు. రెండు వారాలకోసారి అందరం కూర్చుని చదువుతాం. పేరు గడి లేదు. అందులో రాసే మాటలు సూటిగా ఉంటాయి, మొహమాటం కనిపించదు. ఈమధ్య పైనుంచి పేరు గడి కూడా పెట్టి పంపమన్నారు, కేవలం సమాచారం కోసమే అన్నారు. అన్నవారు మంచివారు, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారని నాకు తెలుసు. పేర్లు ఇవ్వలేనని చెప్పాను. దాని బదులు వాళ్లకి అక్కరకొచ్చే లెక్క ఒకటి ఇస్తానన్నాను: రాసిన కోడ్ చదివేవాళ్ల కోసం ఎన్ని రోజులు ఎదురుచూస్తోందో వారం వారం. యంత్రం సాయం వచ్చాక అది పెరుగుతూ పోతోంది. మా దగ్గర ఇంకా ఇద్దరు చదివేవాళ్లు కావాలి, అనుభవం ఉన్నవాళ్లు, టికెట్లు అప్పజెప్పని వాళ్లు. వచ్చే నెల సమీక్షలో ఆ లెక్క ముందు పెట్టి ఆ ఇద్దరి కోసమే అడగబోతున్నాను.